సర్దిన ఇరవై నాలుగు కార్డులు

ఆసుపత్రి రికార్డు గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసిన ఆమెను డాక్టర్లు, నర్సులు, ఆఖరికి అంబులెన్సు డ్రైవర్లు కూడా రికార్డులమ్మ అనే పిలిచేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. పదేళ్ల కిందటి కేసు షీటు కావాలని ఎవరైనా వస్తే, కళ్లజోడు పైకి తోసుకుని, రెండు వరసల అవతల మూడో అరలోకి చెయ్యి పెట్టి తీసి ఇచ్చేది. కొత్త డాక్టర్లు నోరు వెళ్లబెట్టేవారు. పాతవాళ్లు ఆమెతో మాటా మాటా పెంచుకునేవారు కాదు. ఆమెకు కోపం వచ్చిందంటే అదే ఫైలు దొరకడానికి మూడు రోజులు పట్టేది మరి.

ఇంట్లోనూ అదే తంతు. మాత్రలు అక్షరక్రమంలో, బిల్లులు తేదీల ప్రకారం, చెప్పులు సైజుల వారీగా. ఆమె భర్త అదే ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసి రిటైరైన మనిషి. ఇంటికి ఎవరొచ్చినా "ఒకచోట ఎక్కువసేపు కూర్చోకండి, మిమ్మల్ని కూడా ఏదో ఒక అరలో పెట్టేస్తుంది" అనేవాడు. ఆమె నవ్వేది కాదు. సర్దడం మీద హాస్యాలాడితే ఆమెకు ఒళ్లు మండేది.

ఆమెకు ఒక తమ్ముడు. పదేళ్లు చిన్న. చంకనేసుకుని తిప్పింది ఆమే, అఆలు దిద్దించింది ఆమే. బళ్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. పాన చేతిలో ఉంటే అతనికి ఎదురు లేదు కానీ, పెన్ను పట్టుకుంటే మాత్రం కాగితం మీద గుంతలు పడాల్సిందే. ఏ కాగితమైనా పోకుండా ఉండాలంటే తెచ్చి అక్క చేతిలో పెట్టేవాడు. "అక్కకిస్తే పోదు" అనేది అతని ఊతపదం. అతని పెళ్లాం కూడా ఆ మాట వినీ వినీ విసిగిపోయింది. రికార్డులమ్మకు మాత్రం ఆ ఒక్క మాట వింటే ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఎవరూ ఇవ్వని బిరుదు ఇచ్చినట్టుండేది.

ఆ షెడ్డు అద్దెది. ఎప్పటికైనా దాన్ని కొనుక్కోవాలని తమ్ముడు ఆరేళ్లుగా చేతిలో మిగిలిందల్లా క్రిప్టో కరెన్సీలో పెడుతూ వచ్చాడు. మొదట్లో అదంతా ఫోను యాప్‌లోనే ఉండేది. అలాంటి యాప్ ఒకటి రాత్రికి రాత్రి మూతపడి, షెడ్డుకొచ్చే ఒకాయన నెత్తిన గుడ్డేసుకోవడం చూశాక ఇతనికి నిద్ర పట్టలేదు. యాప్‌లతో పని లేకుండా డబ్బు తన అదుపులోనే ఉండాలని హార్డ్‌వేర్ వాలెట్ ఒకటి కొని తెచ్చాడు. వేలెడంత డబ్బా, దానికో చిన్న తెర, రెండు బొత్తాలు. తన ఇంట్లో పిల్లల గోల భరించలేక, ఒక ఆదివారం పొద్దున అక్క ఇంటికొచ్చి లోపలి గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు.

లోపల ఏం చేశాడో ఆమెకు తర్వాత తెలిసింది. డబ్బు ఆ డబ్బాలో ఉండదు, దాన్ని తెరిచే తాళం మాత్రమే ఉంటుంది. డబ్బా పోతే మళ్లీ ఆ తాళాన్ని పుట్టించడానికి అది ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలు చూపిస్తుంది. వాటిని కాగితం మీద రాసుకోవాలి. ఫొటో తియ్యకూడదు, ఫోన్లో ఎక్కించకూడదు, ఎవరికీ చూపించకూడదు. ఆ మాటలు ఎవరి చేతిలో ఉంటే డబ్బు వాళ్లది. డబ్బాతోపాటు వచ్చిన కాగితంలో గీతలు చీమల బారులా ఉన్నాయి. అతను రాసిన మొదటి మాటే మూడు గీతలు మింగేసింది. బయటికొచ్చి, "అక్కా, గట్టి కార్డులేమైనా ఉన్నాయా?" అని అడిగాడు. కంప్యూటర్లు వచ్చాక రికార్డు గదిలో పారేయబోతుంటే ఆమె తెచ్చుకున్న కార్డుల కట్టలు చాలానే ఉన్నాయి. ఒకటి ఇచ్చింది. కార్డుకో మాట రాశాడు. నంబర్లు వెయ్యలేదు. వేస్తే దొంగకు పని సులువైపోతుందని అతని తెలివి.

గంట తర్వాత బయటికొచ్చి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి రెండు రబ్బరు బ్యాండ్లు వేసిన కట్ట ఆమె చేతిలో పెట్టాడు. ఇవేమిటని అడగొద్దన్నాడు. ఉన్నవి ఉన్నట్టు ఉంచమన్నాడు. ఆమె బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఎనిమిది నెలల తర్వాత వానలకు బీరువా వెనక గోడ చెమ్మెక్కింది. అందులోవన్నీ బయటికి తీసింది. చూస్తే తమ్ముడి కవర్లోకి కూడా నీళ్లు దిగాయి. వెంటనే విప్పి, కార్డులన్నీ ఫ్యాను కింద బల్ల మీద ఆరబెట్టింది. లెమన్, రివర్, యాంకర్, కేజ్, ఇలా ఒక్కో కార్డు మీద ఒక్కో మాట. ఏమిటని అడగొద్దన్నాడు కాబట్టి అడగలేదు. కానీ ఆ గందరగోళం చూస్తే ఆమె మనసు ఊరుకోలేదు. చిన్నప్పటినుంచీ వీడికి వరస అంటూ లేదు, పాపం, అనుకుంది. ఆరిన కార్డులు పోగుచేస్తుంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. యాంకర్ ముందుకొచ్చింది, జీబ్రా వెనక్కి పోయింది. రెండు నిమిషాలు పట్టిందేమో. కట్ట అంచులు బల్ల మీద తట్టి సమంగా చేసి, కొత్త కవర్లో పెట్టి, తమ్ముడికి చిన్న సాయం చేశానని సంతోషపడింది కూడా.

కొన్నాళ్లకు షెడ్డు ఓనరు కబురు పెట్టాడు. స్థలం అమ్మేస్తున్నాడట. తమ్ముడికి కావాలంటే శుక్రవారంలోగా బయానా ఇవ్వాలి, లేకపోతే వేరే వాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఆ హడావుడిలో తమ్ముడి జేబులోంచి వాలెట్ జారి కింద పడింది, దాని మీదనుంచి బాగుచేసిన లారీ వెనక్కి వెళ్లింది. అతను కంగారు పడలేదు. మాటలుంటే చాలుగా. కొత్త డబ్బా కొనుక్కుని, సోమవారం నవ్వుకుంటూ అక్క ఇంటికొచ్చాడు.

ఈసారి దాపరికం లేదు. అక్క ముందే కూర్చుని సంగతంతా విడమరిచి చెప్పాడు. రెండు బొత్తాలతో ఒక్కో అక్షరమూ నొక్కుకుంటూ కార్డులు ఒక్కొక్కటే ఎక్కించడం మొదలుపెట్టాడు. యాంకర్. తర్వాత కేజ్. మధ్యలో తల ఎత్తకుండానే, ఇవి రాసిన వరసలోనే ఎక్కించాలనీ, ఒక్కటి అటూ ఇటూ అయినా తాళం పుట్టదనీ అన్నాడు. ఆ మాట వినగానే ఆమె చూపు తను తట్టి సమంగా చేసిన కట్ట అంచుల మీద పడింది. నలభై నిమిషాలకు జీబ్రా కూడా అయింది. మాటలు సరికావని తెర మీద వచ్చింది.

అతను కళ్లు నులుముకుని మళ్లీ మొదటినుంచి ఎక్కించాడు. మళ్లీ అదే. "రాసేటప్పుడే తప్పు రాసుంటానక్కా. నా రాత సంగతి నీకు తెలుసుగా" అన్నాడు. ఆమె కార్డులు పోగుచేసి మళ్లీ కవర్లో పెట్టింది. సాయంత్రం అతను వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చింది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. అతను తనను తాను తిట్టుకుంటూ వీధి మలుపు తిరగడం చూస్తూ నిలబడింది.

భర్తకు మాత్రం చెప్పింది. ఆయన ఈసారి హాస్యమాడలేదు. "చెప్పకపోతే వాడికెప్పటికీ తెలీదు. చెప్పినా పోయిన డబ్బు తిరిగి రాదు" అన్నాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు, భార్య తల దించుకోవడం చూడలేడు, అంతే.

"నాకు తెలుసుగా" అంది ఆమె.

మంగళవారం పొద్దున్నే షెడ్డుకు వెళ్లింది. తమ్ముడు ఒక బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మొహం చూస్తూ చెప్పే ధైర్యం లేక ఆ కాళ్లకే చెప్పేసింది. "ఒరేయ్, నువ్వు తప్పు రాయలేదు. వానల్లో తడిస్తే ఆరబెట్టి, అక్షరాల ప్రకారం సర్దేశాను. నేనే."

పాన తిరగడం ఆగిపోయింది. అతను బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "సరే అక్కా" అన్నాడు. తిట్టలేదు. గొంతు పెంచలేదు. ఒక కుర్చీ దులిపి ఆమెకు వేశాడు. డబ్బా అమ్మిన షాపతనికి ఫోను చేసి కనుక్కున్నాడు. పన్నెండు మాటలైతే కంప్యూటరుకు పెట్టి ఏదో తంటాలు పడొచ్చట, ఇరవై నాలుగు కలిసిపోతే ప్రపంచంలో ఉన్న కంప్యూటర్లన్నీ కూర్చున్నా మన ఆయుష్షు సరిపోదట. ఆ మాట కూడా అక్కకు మెల్లగానే చెప్పాడు. నాలుగు చీవాట్లు పెట్టినా ఆమెకు ప్రాణం కుదుటపడేది. ఆ మర్యాదే ఆమెను కోసేసింది.

ఇంటికొచ్చి కార్డులు ముందేసుకుని కూర్చుంది. ఎంత చూసినా అవి వరసగా, ముద్దుగా, తన చెయ్యి పడ్డట్టే ఉన్నాయి. జన్మలో మొదటిసారి అక్షరక్రమం మీద ఆమెకు అసహ్యం పుట్టింది. కట్టను బల్ల మీద విసిరింది. ఒక కార్డు కిటికీ పక్కకు పోయి ఏటవాలు ఎండలో పడింది. రివర్ అని రాసి ఉంది. ఆ అక్షరాల కింద, సిరా లేకుండా, గుంతలు గుంతలుగా ఇంకో మాట ఉంది.

ఆమెకు డాక్టర్ల చీటీల పుస్తకాలు గుర్తొచ్చాయి. పై చీటీ మీద నొక్కి రాస్తే కింది చీటీ మీద అచ్చు దిగేది. చీటీ పోగొట్టుకుని వచ్చిన రోగులకు ఆ అచ్చు చూసి మందు పేరు చదివి చెప్పిన రోజులు ఎన్నో ఉన్నాయి. వెంటనే తమ్ముడికి ఫోను చేసి, ఆ రోజు ఎలా రాశావని అడిగింది. కట్ట చేతిలో పట్టుకుని పై కార్డు మీద రాసి, రాసినదాన్ని తీసి అడుగున పెట్టానన్నాడు. అయితే ప్రతి కార్డు మీదా దాని ముందు మాట అచ్చు ఉండి తీరాలి.

బుధవారం పొద్దుటినుంచి ఎండ వాలేదాకా ముగ్గురూ కిటికీ దగ్గరే ఉన్నారు. భర్త తన పాత భూతద్దం తీశాడు. రివర్ మీద లెమన్ గుంతలున్నాయి కాబట్టి లెమన్ ముందు, రివర్ వెనక. అలా జత మీద జత కలుస్తూ పోయింది. కానీ బాగా తడిసిన నాలుగు కార్డులు ఉబ్బిపోయాయి. వాటి మీద గుంతలు పూడిపోయాయి. అసలు అచ్చే ఉండని మొదటి కార్డు కూడా ఆ నాలుగింటిలోనే ఉంది, అది ఏదో తెలీదు. చివరికి ఇరవై నాలుగు కార్డులూ నాలుగు ముక్కల గొలుసుగా మిగిలాయి. ఏ ముక్క ముందో, ఏది వెనకో ఎవరికీ తెలీదు. ఆమె కాగితం తీసుకుని, ఆ నాలుగింటినీ ఎన్ని రకాలుగా పేర్చొచ్చో ఒక్కటీ వదలకుండా రాసింది. ఇరవై నాలుగు రకాలు వచ్చాయి. భర్త నవ్వబోయి ఊరుకున్నాడు.

గురువారం షెడ్డు మూసేసి తమ్ముడు బొత్తాలు నొక్కాడు. ఆమె కార్డులు అందించింది. ఒక్కోసారికి అరగంట దగ్గర పట్టింది. సరికాలేదు. సరికాలేదు. మధ్యాహ్నానికి అతని బొటనవేళ్లు ఎర్రబడ్డాయి. పదకొండోసారి తెర మీద వేరే అక్షరాలు వచ్చాయి. అతను నమ్మక డబ్బాను తిప్పి చూశాడు. తర్వాత బల్ల మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది. శుక్రవారం బయానా అందింది. షెడ్డు అతనిదే అవుతుంది.

కథ ఇక్కడ అయిపోతే ఎవరికీ బాధ లేదు. ఆదివారం అతను మళ్లీ వచ్చాడు. ఈ మాటలు ముగ్గురి కళ్లలో పడ్డాయి కాబట్టి మిగిలిన డబ్బును కొత్త మాటల కిందికి మార్చుకోవాలి, పద్ధతి అదే. ఈసారి మాటలు తడిసినా చెదరకుండా ఉండాలని భుజాన సంచీలో స్టీలు రేకు, దాని మీద అక్షరాలు కొట్టే అచ్చులు, సుత్తి తెచ్చాడు. బల్ల దగ్గర కూర్చుని, ఏదో మామూలు మాట అన్నట్టు, "అక్కా, నువ్వూ బావా కాసేపు వరండాలో కూర్చుంటారా?" అన్నాడు.

కూర్చున్నారు. లోపల సుత్తి దెబ్బలు ఒకటీ ఒకటీ పడుతుంటే భర్త పేపరు చదువుతున్నట్టు నటించాడు. రెండు గంటల తర్వాత తమ్ముడు సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చాడు. నీళ్లు తాగాడు. పాత కార్డులు చింపి పొయ్యిలో వేశానన్నాడు. ఇంకేదో చెప్పాలన్నట్టు నిలబడ్డాడు.

"తప్పు నాదేనక్కా. అవేమిటో నీకు ముందే చెప్పి ఉంటే నువ్వు ముట్టుకునేదానివే కాదు" అన్నాడు.

"ఇప్పుడు తెలుసుగా" అంది ఆమె. అడగకూడదని తెలిసీ అడిగింది. "ఇప్పుడు నా దగ్గర పెడతావా?"

అతను వంగి చెప్పుల పట్టీ బిగించుకోవడం మొదలుపెట్టాడు. దానికి అంతసేపు పట్టక్కర్లేదు. లేచాక ఆమె వైపు కాకుండా బావ చేతిలోని పేపరు వైపు చూస్తూ, "మా ఆవిడకి చెప్పానక్కా, మా ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు.

"అదే మంచిది" అంది రికార్డులమ్మ. "జాగ్రత్తగా వెళ్లు."