నూరుద్దీన్ చాచా ఎంచిన స్పీకర్లు

కల్వకుర్తిలో మైకు సెట్టంటే నూరుద్దీన్ చాచాదే. లగ్గమైనా, పీర్ల పండుగైనా, ఎలక్షన్లయినా ఆయన గొట్టాలు మోగాల్సిందే. సెట్టు బిగించాక పాట పెట్టి, ఊరి చివరి ఇల్లు దాటేదాకా నడిచి వెళ్ళి, అక్కడ నిలబడి వినేవాడు. అక్కడికి మాట స్పష్టంగా అందితేనే తిరిగొచ్చి చాయ్ తాగేవాడు.

తొంభై ఎనిమిదిలో నేను నా టైపు ఇన్‌స్టిట్యూట్‌ను కంప్యూటర్ సెంటర్‌గా మార్చాను. హైదరాబాద్ నుంచి తెచ్చిన పాత కంప్యూటర్‌కు అన్నీ ఉన్నాయి, నోరే లేదు. ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే సీడీ ఉందని బోర్డు రాయించి మరీ ఆడపిల్లలను చేర్చుకున్నాను. స్పీకర్లు లేకపోతే ఆ సీడీ ఎందుకు, నైవేద్యం పెట్టుకోవడానికా? చెవి ఉన్న మనిషి వెంట ఉంటే మంచిదని చాచాను జడ్చర్లకు తీసుకుపోయాను.

దుకాణంలో మూడు జతలు చూపించారు. చాచా పాట పెట్టించి, అలవాటు ప్రకారం నడక మొదలుపెట్టాడు. మెట్లు దిగి, రోడ్డు దాటి, అవతల నిలబడ్డాడు. దుకాణదారు పగలబడి నవ్వాడు. "ఏం సాబ్, కంప్యూటర్‌కా, పెండ్లి పందిరికా?"

చిన్న జత పాట నాకు తేటగా వినిపించింది. చాచా తల అడ్డంగా ఊపాడు. రెండోదానికీ అంతే. మూడోది నల్లటి పెద్ద డబ్బాల జత. దాన్ని మోగించగానే చాచా ముఖం విప్పారింది. అక్కడినుంచే చెయ్యి ఎత్తి, "ఇవ్వే, బేటా!" అని అరిచాడు. ఆయన మాటకు ఎదురు చెప్పే చెవులా నావి? కొనేశాను.

సెంటర్‌లో పెట్టాక చూడాలి నా అవస్థ. సీడీలో ఇంగ్లీషు చెప్పే అమ్మ ఖాళీ నూనె డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టు ఉంది. పిల్లలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. బస్టాండు వెనక చాచా దుకాణానికి పోయి, "చాచా!" అని పిలిచాను. టేప్‌రికార్డరు మీద వంగినవాడు తలెత్తలేదు. మళ్ళీ పిలిచాను. ఆయన భార్య అమీరున్నీసా చాచీ వచ్చి భుజం తడితే అప్పుడు తిరిగాడు.

"చాచా, గా స్పీకర్లు మార్చుకొస్త. చిన్నయి ఎంత మంచిగ మోగినయి!" గట్టిగానే అన్నాను.

చాచా చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"చిన్నయి మోగినయా?"

ఎగతాళి అనుకున్నాను. కాదు. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

"అవి ఖరాబైనయనుకున్న, బేటా," అన్నాడు. చాచీ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆయనే మళ్ళీ, "నాకు ఇనవడ్డయి గా పెద్దయే. ఊర్ల చెప్పకు. లగ్గాల దినాలొస్తున్నయి. చెవులు లేనోనికి మైకు ఎవ్వలిస్తరు?" అన్నాడు.

నేను చెప్పలేదు. స్పీకర్లూ మార్చలేదు. మారిస్తే బస్టాండంతా కారణం అడుగుతుంది.

ఆ వేసవిలోనే మా బంధువు జానయ్య బిడ్డ లగ్గం. చాచాదే మైకు. పంతులు మంత్రం మొదలుపెట్టగానే గొట్టం కీచుమని కూత పెట్టింది. ఆగలేదు. పందిరి పందిరంతా చెవులు మూసుకుంది. చాచా మాత్రం మాకు వీపు పెట్టి, గుంజకు వైరు కట్టుకుంటూనే ఉన్నాడు. నేను లేచి పరుగెత్తేలోపే వెనక్కి తిరిగాడు. చెవుల మీద ఉన్న అందరి చేతులూ చూశాడు. వచ్చి తానే సెట్టు ఆపేశాడు. "చెవిటోని ముందర శంఖం ఊదినట్టున్నది గదరా!" అన్నాడు మగపెళ్ళివాళ్ళలో ఒకడు. అందరూ నవ్వారు. వాడి నోట్లో మన్ను పడ! పెండ్లింట గొడవెందుకని పళ్ళు బిగబట్టుకున్నాను.

తరవాత చాచాను ఎవరూ పిలవలేదు. గొట్టాలు దుకాణం గోడకు వేలాడాయి. సాయంత్రం పిల్లలు వెళ్ళాక ఆయన నా సెంటర్‌కు వచ్చేవాడు. కంప్యూటర్‌లో పాత ఉర్దూ పాట పెట్టేవాణ్ణి. కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. ఆ నల్ల డబ్బాల మీద నాకు ప్రేమ పుట్టింది అప్పుడే.

మరుసటి వానాకాలంలో ఒకరోజు ఎప్పటిలాగే పాట పెట్టాను. చాచా తల ఊపలేదు. నేను సౌండు పెంచాను. ఇంకా పెంచాను. ఇక తిప్పడానికి లేనంత తిప్పేశాను. కిటికీ రెక్కలు గడగడలాడాయి.

చాచా కళ్ళు తెరిచి నావైపు చూశాడు.

"పెట్టినవా, బేటా?"

పక్క హోటల్ సాయిలు తిట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, రెండు చేతులతో చెవులు మూసుకుని. చాచా ఆ చేతుల వైపు చూశాడు. మళ్ళీ అడగలేదు.