తలా ఒక గ్లాసు

14-9-2007, విరుదునగర్. ఉన్నవాళ్లు: నేను, నా కూతురు రాజి, ఆమె అత్తగారు, చూడవచ్చిన చుట్టాలు.

బరువు తగ్గడానికి రాజి కడుపుకు ఆపరేషన్ జరిగి వారమైంది. "నీళ్లలాంటివే, కొంచెం కొంచెంగా ఇవ్వండి" అన్నారు డాక్టరు. కోవిల్‌పట్టి నుంచి నేను రాగిగంజి తీసుకెళ్లాను.

"రవంతే కదమ్మా, తాగు" అన్నాను. వచ్చినవాళ్లంతా అదే మాట అంటూ తలా ఒక గ్లాసు అందించారు. కాదంటే నొచ్చుకుంటారని రాజి అన్నీ తాగింది. సాయంత్రానికి వాంతులు, చెమటలు. ఆస్పత్రికి పరుగెత్తాం.

"కుట్లు తెగుంటే ప్రాణం పోయేది!" అని డాక్టరు కేకలేశారు. ఆయన చెప్పిన కొంచెం రాజి కడుపుకని, మా ఒక్కొక్కరి చేతికి కాదని అప్పటికి అర్థమైంది. అలసిపోయి ఇల్లు చేరాం.

మర్నాడు పొద్దున ఎదురింటావిడ బార్లీనీళ్లు తెచ్చింది. "రవంతే అక్కా, రాజి పాపకి."

అత్తగారు గుమ్మంలోనే గ్లాసు అందుకుని, అంతా తానే తాగేసి, ఖాళీ గ్లాసు తిరిగిచ్చింది.

"శానా బాగుండాది" అంది.