నవనీతకృష్ణన్ తట్టి చూసిన రివెట్లు

సింగానల్లూరు నవనీతకృష్ణన్‌కు అరవైతొమ్మిదో ఏట మళ్ళీ పని దొరికింది. పొల్లాచ్చి వైపు ఏటి మీద విక్టోరియా రాణి కాలం నాటి ఇనుప రైలు వంతెన ఒకటుంది. దాని మీద రైళ్ళు ఆగిపోయి చాన్నాళ్ళయింది. పాత పద్ధతిలోనే బాగుచేసి, జనం నడవడానికి వదలాలని పైవాళ్ళు తీర్మానించారు. పాత పద్ధతి అంటే వెల్డింగు పనికిరాదు. రివెట్టును కొలిమిలో ఎర్రగా కాల్చి, రంధ్రంలో దూర్చి, చల్లారేలోపల సుత్తితో కొట్టి రెండో కొసకూ తల కట్టాలి. ఆ పని తెలిసినవాళ్ళు కోయంబత్తూరంతా గాలిస్తే ముగ్గురు తేలారు. ఒకాయన మంచం పట్టాడు. ఇంకొకాయనను కొడుకులు పంపేది లేదన్నారు. మిగిలింది మన నవనీతకృష్ణన్.

కాంట్రాక్టరు పళ్ళెంలో పళ్ళూ తాంబూలమూ పెట్టుకొని ఇంటికొచ్చి మరీ పిలిచాడు. ఇరవై రెండో ఏట నుంచి మిల్లుల బాయిలర్లకు రివెట్లు కొట్టిన మనిషి ఈయన. ఆ మిల్లులు మూతపడ్డాక, ముప్పై ఏళ్ళుగా ఎవడికీ అక్కర్లేని విద్యను చేతిలో పెట్టుకొని, పిండి గ్రైండర్లకు బోల్టులు బిగిస్తూ బతికాడు. పళ్ళెం చూసేసరికి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఆ సంబరంలో చెప్పవలసిన ఒక్క మాట మింగేశాడు.

ఆయనకు చెవులు సరిగా వినబడవు. బాయిలరు లోపల కూర్చుని ఏళ్ళ తరబడి సుత్తి మోత తిన్నవాడికి చెవులు మిగులుతాయా? గాలి ఒత్తిడితో అదిరే సుత్తి పట్టీ పట్టీ వేళ్ళ కొసలు కూడా మొద్దుబారిపోయాయి. టీ గ్లాసు వేడిగా ఉందో లేదో చేతికి తెలియదు.

"ఆడ పోయి ఏమి చేస్తారు? ఇంట్లో నేను పిలిచేదే మీకు ఇనబడేది లేదు" అంది భార్య రాజమ్మాళ్.

"ఇనుము మాట వేరే" అన్నాడాయన. అనడమే కాదు, నమ్మాడు కూడా.

కొట్టే ఓపిక లేదు గనక ఆయనకు చూసే పని ఇచ్చారు. రివెట్టు తలకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో తట్టాలి. బిగువుగా ఉంటే ఖంగుమంటుంది, వేలికి ఏమీ తెలియదు. వదులుగా ఉంటే బోలుగా పలుకుతుంది, వేలి కింద అదురుతుంది. కొట్టేవాళ్ళు కొత్తవాళ్ళు గనక వదులువి పడుతూనే ఉంటాయి, వాటిని అప్పటికప్పుడు పట్టుకోవడమే ఈ పని. చెవీ వేలూ కావాలి, అంతే. ఆ రెండూ లేనివాణ్ణే తెచ్చి పెట్టారు. మొదటి రోజే ఆయనకు సంగతి తెలిసిపోయింది. ఏ రివెట్టు తట్టినా ఒకటే మాదిరి ఉంది. అయినా సుద్దముక్కతో గీత గీసి పాస్ చేస్తూ పోయాడు. పెద్దాయన గీత పెట్టినదాన్ని మళ్ళీ తట్టి చూడడం మర్యాద కాదని ఎవరూ ముట్టుకోలేదు. ఇలా మూడు వారాలు సాగింది.

తర్వాత రైల్వే తనిఖీవాళ్ళు వచ్చి ఒక దూలం మీద అరవై రివెట్లు తట్టారు. ఇరవై మూడు వదులు.

పని చూసే ఇంజనీరు నిత్య. మేలూరు వైపు తెలుగు ఇంటి పిల్ల. అక్కడ అందరూ మామా అని పిలిచే నవనీతకృష్ణన్ తట్టినప్పుడు పొరబడ్డాడని ఆమెకు తోచనే లేదు. రివెట్టు సరిగా కాలకపోతే చల్లారాక వదులవుతుంది, కాబట్టి తప్పు కొలిమిదే అనుకుంది. కొలిమి దగ్గర ఉండేది ముత్తుసెల్వి. ఫౌండ్రీలో పదేళ్ళు పనిచేసిన మనిషి, రంగు చూసి వేడి చెప్పగలదు.

"నేను సరిగానే కాల్చినాను మేడమ్" అంది ముత్తుసెల్వి. "మామను అడగండి."

అందరూ మామ వైపు చూశారు. ముత్తుసెల్వి పక్కనే నిలబడి ఉన్నాడు గనక ఆయనకు ఆ మాట చక్కగా వినబడింది. అవునూ అనలేదు, కాదూ అనలేదు. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. ముత్తుసెల్విని పనిలోంచి తీసేశారు; సాయంత్రం బస్సుకు ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులు నవనీతకృష్ణన్ పనికి వస్తూనే ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడంటే అతిశయోక్తి కాదు. కొలిమి దగ్గర కొత్తవాడు నిలబడి ఉంటే అటు చూడలేకపోయాడు. ఐదో రోజు పొద్దున నిత్య దగ్గరికి వెళ్ళి అన్నాడు: "ఆ పిల్ల మీద తప్పు లేదమ్మా. తప్పు నాది. నాకు చెవులు లేవు."

నిత్య నవ్వింది. "మీది పెద్ద మనసు మామా. ఆమె పాపం అని మీ మీద ఏసుకుంటుండారు. నాకు తెలీదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా మెచ్చుకోలుగా తల ఊపారు. ఒకడు టీ తెచ్చి ఇచ్చాడు. నిజం చెప్పినందుకు మర్యాద పెరగడం ఆయన ఎక్కడా చూడలేదు. అక్కడితో ఊరుకుంటే పరువు దక్కేది, మనసు కూడా కొంత తేలికయ్యేది. ఒక్క క్షణం ఆశపడ్డాడు కూడా. ఆ ఆశ మీదే ఆయనకు అసహ్యం పుట్టింది.

"కండ్లు మూసుకుంటాను. గట్టివి నాలుగు, వదులువి నాలుగు, నీ ఇష్టం వచ్చిన వరసలో చూపించు" అన్నాడు.

నిత్య ఆయన చేయి పట్టుకొని ఒక్కో రివెట్టు మీద పెట్టింది. పనివాళ్ళందరి ముందూ ఆయన తట్టాడు. మొదటిది గట్టి అన్నాడు. రెండోదీ గట్టి. ఎనిమిదీ గట్టివే అన్నాడు. కళ్ళు తెరిచేసరికి నిత్య ముఖంలో నవ్వు లేదు. మూడు వారాల పని మళ్ళీ మొదటినుంచి తట్టి చూడాలి. ఆమె నెమ్మదిగా ఆయన చేతిలోంచి సుత్తి తీసుకుంది.

"ముత్తుసెల్వికి ఫోను చేస్తాను" అంది.

"వద్దు. నేనే పోతాను."

ముత్తుసెల్వి ఇల్లు సింగానల్లూరులో, ఆయన ఇంటికి రెండు వీధుల అవతలే. గడపలో అత్తగారు కూర్చుని ఉంది. చెవిటివాడి గొంతు చిన్నగా రాదు. "నీ తప్పు లేదని చెప్పేసినాను తల్లీ, తప్పు నాదే" అని ఆయన అంటే వీధి వీధంతా విన్నది. ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. అత్తగారు లేచి లోపలికి పోయింది.

ముత్తుసెల్వి తల వంచుకొని ఏదో అంది. పెదాలు కదలడం మాత్రమే ఆయనకు కనబడింది.

"ఇనబడలేదమ్మా. మళ్ళీ చెప్పు."

ఆమె దగ్గరికి వచ్చి, చెవి పక్కన, అరిచినట్టుగా చెప్పింది: "ఆ దినం నా పక్కనే నిలబడుకోనుంటిరి కదా మామా."

ఈసారి ప్రతి అక్షరమూ వినబడింది. ఆమె ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.