పడవలో అమ్మ చివరి చలికాలం

నిన్న సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో, పడవలకు పూసే తారు వాసన తగిలి ఆగిపోయాను. “ఏందమ్మా, గట్ల నిలబడ్డవ్?” అన్నాడు కొట్టాయన.

మన ఈడు వాళ్ళలో ఎవరైనా పడవలో కాపురమున్నారా? తుపానుకు ఇల్లు పోయాక ఆ చలికాలమంతా మేం కాకినాడలో, నాన్న సరుకుల పడవలోనే ఉన్నాం. తడి చెక్కల మీద పడుకుని అమ్మకు దగ్గు ముదిరింది. అది మేం వినకూడదని రోజూ “చెల్లిని తీసుకుని ఊరు చూసి రావే” అనేది. చర్చి, చేపల బజారు, లైట్‌హౌసు తిరిగొచ్చి అన్నీ అమ్మకు చెప్పేవాళ్ళం.

ఒక సాయంత్రం నాన్న గట్టు మీదే కూర్చుని ఉన్నాడు. “అమ్మ పడుకుందమ్మా, లేపకండి” అన్నాడు. ఆయన ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది. ఆరేళ్ళ చెల్లి మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా పడవెక్కింది. నేను ఆపలేకపోయాను.