మసీదు గురించి ఆరా

మా అమ్మాయి పెళ్ళి చేసుకుంటానన్న టర్కీ అబ్బాయి, మాంట్రియల్‌కి రెండు గంటల దూరంలోని కనాటాలో మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజు, నేను మనసులో ముందే కాదనుకుని కూర్చున్నాను. సంబంధం వస్తే మావాళ్ళు చుట్టుపక్కల నాలుగిళ్ళలో ఆరా తీస్తారు. అతని ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళెవరు? మాంట్రియల్‌లో పాత కట్టడాల మరమ్మతు చదువుతున్నాడనీ, అతని తాతముత్తాతలు ఒక ఒట్టోమన్ మసీదును కనిపెట్టుకుని ఉన్న రాతిపనివాళ్ళనీ అమ్మాయి చెప్పింది. సరే, నేను రిటైరైన స్ట్రక్చరల్ ఇంజనీరుని. ఆ మసీదు గురించే ఆరా తీద్దామనుకున్నాను. కోతలు కోస్తే అక్కడే దొరికిపోతాడు.

పప్పు వడ్డిస్తుండగానే మొదలుపెట్టాను. అంత పెద్ద గుమ్మటం బరువు ఎటు పోతుంది? పక్కనున్న అరగుమ్మటాల మీదికి, అక్కడినుంచి నాలుగు లావాటి స్తంభాల్లోకి, అన్నాడు. రాళ్ళు ఎలా పట్టుకుని ఉన్నాయి? ఇనుప కొక్కేలు బిగించి, సందుల్లో కరిగించిన సీసం పోశారట. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి, నమ్మలేదు. నూనె దీపాల మసి గాలివాటుకు తలుపు పైనున్న గదిలోకి చేరేదనీ, దానితో సిరా చేసుకునేవారనీ అన్నాడు. నా చెవిలో పువ్వులు పెడుతున్నాడనుకుని ఫోనులో వెతికాను. అలా కట్టిన మసీదులు ఉన్నాయి. నాకు ఒళ్ళు మండింది.

“అన్నానికి పిలిచి వైవా పెట్టారేంటండీ?” అంది మా ఆవిడ.

విననట్టే, పునాది కుంగిందా అని అడిగాను. గోడలో చేత్తో తిప్పితే తిరిగే చిన్న పాలరాతి స్తంభాలు రెండున్నాయట. కట్టడం కదిలితే బరువు పడి అవి బిగుసుకుపోతాయి. ఆ ఊళ్ళో భూకంపం వచ్చాక ఒకటి తిరగడం మానేసిందనీ, గోడ ఎంత జరిగిందో తనకింకా అంతుచిక్కలేదనీ ఒప్పుకున్నాడు. అబద్ధాలకోరైతే రెండూ తిరుగుతున్నాయనేవాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకనందుకు నాకు దిగులేసింది.

భోజనాలయ్యాక అతను కారు మీద మంచు గీకడానికి బయటికి వెళ్ళాడు. అమ్మాయి కోటు వేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది.

“డాడ్, యు ఆస్క్‌డ్ హిమ్ సో మచ్ అబౌట్ దట్ బిల్డింగ్. నథింగ్ అబౌట్ మీ.”

“ఈసారి వచ్చినప్పుడు అడుగుతాలేమ్మా.”

“వై నాట్ నౌ?”

కిటికీ దగ్గర నిలబడి అతన్ని చూశాను. పిలిస్తే వస్తాడు, అడిగినదానికల్లా జవాబు చెబుతాడు. అదే నా భయం. ఈ ఇంట్లోనే పెరిగిన పిల్ల గురించి నాకు తెలియనివి అతనికి తెలుసేమోనని నా అనుమానం.