గురూజీ జావ తాగిండా?

మనిషి కోపం తలలో పుడుతుందని ఆ రోజుల్లో గట్టిగా నమ్మేవాణ్ణి. అది కడుపులో పుడుతుందని కిష్టారం బడిలో చేరాక తెలిసింది. బస్తరు రాజ్యం పోయి, సర్కారు బడులు ఊరూరా వస్తున్న కాలం. కుంట అనే ఊళ్ళో మా నాన్న కిరాణా కొట్టు వదిలేసి మాస్టరుగిరీకి బయల్దేరిన మొనగాణ్ణి నేను. బడుల తనిఖీకి వచ్చే సాబ్ మెచ్చితే ఉద్యోగం పక్కా, లేకపోతే మళ్ళీ బెల్లం తూకమే.

మా పెద్ద మాస్టరును అందరూ గురూజీ అనేవారు. బడి, ఆయన ఇల్లు ఒకే కప్పు కింద. పొద్దున రాగిజావ కడుపులో పడ్డాక ఆయనంత మంచివాడు లేడు. పడకముందు ఎదురుపడ్డవాడి గతి ఇక చెప్పక్కర్లేదు. (నా నమస్కారంలో కూడా తప్పు పట్టారొకసారి.) పిల్లలు గుమ్మం దగ్గరే ఆగి, మేమందరం అమ్మ అని పిలిచే ఆయన భార్యను గుసగుసగా అడిగేవారు, "అమ్మా, గురూజీ జావ తాగిండా?" అని. ఆమె తల ఊపితేనే లోపలికి అడుగు పడేది.

దంతెవాడ నుంచి సాబ్ వచ్చే రోజు గురూజీ పొద్దున్నే తేల్చేశారు. "ఇంటికొచ్చే మనిషి తినకముందు నేనెట్ల తింటనయ్యా?" ఆయన తినకపోతే నేనెలా తింటాను? ఇద్దరం ఖాళీ కడుపులతో దారి చూస్తూ కూర్చున్నాం. ఎండ నెత్తికెక్కింది గాని జీపు జాడ లేదు. గురూజీ ముందు బల్లను తిట్టారు, తర్వాత వాగును, ఆ తర్వాత నన్ను. నాకు ఏడుపొచ్చింది. బెల్లం దిమ్మెల మధ్యే నా బతుకు తెల్లారిపోతుందని అప్పటికే నిశ్చయించేసుకున్నాను.

చివరికి సాబ్ నడిచే వచ్చారు. జీపు వాగులో దిగబడిందట, ప్యాంటు మోకాళ్ళదాకా బురద. గురూజీ భోజనానికి లేవమంటే, "పహలే కామ్. ముందు పని, తిండి తర్వాత," అని నన్ను పాఠం చెప్పమన్నారు. నది అంటే ఏమిటో చెప్పబోయి, "నది అంటే... నది," అన్నాను.

"ఈయన్ని మాస్టరని ఎవరన్నారు?" అన్నారు సాబ్.

గురూజీ లేచి నిలబడ్డారు. "ఆయన్ని తిట్టాల్నంటే నేను తిట్టాలె. మీదేంది సాబ్ నడుమ?"

సాబ్ కాగితం పరిచి, పెన్ను మూత విప్పారు.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చి జావకుండను ఆ కాగితం మీదే పెట్టింది. "మీరు తినకుంటే ఈయన తినడు సాబ్. ఈయన తినకుంటే ఈ బడిల ఎవ్వల నౌకరీ ఉండదు. మీది గూడ."

ఆమె తీరిగ్గా సొరబుర్రతో జావ ముంచి ఆకుదొప్పలో పోసి, పక్కన ఎర్రచీమల పచ్చడి పెట్టింది. సాబ్ విసురుగానే అందుకున్నారు. పచ్చడి నాలుకకు తగిలేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దొప్ప మళ్ళీ చాచారు. తర్వాత గురూజీ తాగారు, ఆ తర్వాత నేను.

"ఇప్పుడు చెప్పు బేటా, నది సంగతి," అన్నారు సాబ్ మెత్తగా. శబరిని కొండల్లోంచి దింపి గోదావరిలో కలిపేదాకా నేను ఆగలేదు. "మావాడు బంగారం సాబ్," అన్నారు, పొద్దున నన్ను తిట్టిన గురూజీయే. కుండ తీసి, దాని కింద తడిసిన కాగితం మీదే నా ఉద్యోగం పక్కా అని రాశారు సాబ్.

గురూజీ లేరిప్పుడు, అమ్మా లేదు. వాళ్ళు గుర్తొస్తే దిగులుగా ఉంటుంది. మొన్న పొద్దున పేపరు ఆలస్యమైందని నేను ఇల్లు పీకి పందిరేస్తుంటే, గుమ్మం అవతల మా మనవరాలు వాళ్ళ నానమ్మను గుసగుసగా అడుగుతోంది.

"నానమ్మా, తాత జావ తాగిండా?"

దాని మీద అరవబోయి, నోరు మూసుకుని జావ గిన్నె అందుకున్నాను.