తిజానీ వంతు

క్యూ కనబడితే చాలు, తిజానీ కాళ్ళు వాటంతటవే వెళ్ళి దాని తోకకు అతుక్కునేవి. దేనికి నిలబడ్డాడో ఆనక కనుక్కునేవాడు. ఒకసారి అలాగే గంటసేపు నిలబడి, ముక్కూమొహం తెలియని ఒకాయన కొడుకులను పరామర్శించి, కళ్ళు తుడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

"ఎవరు పోయారయ్యా?" అంటూ భార్య వసీలా హడలిపోయింది.

"తెలీదే. మంచివాడట."

ఆ జనవరిలో అధ్యక్షుడు విమానమెక్కి పారిపోయాక ట్యునీసియా అంతటా క్యూలే. వాళ్ళ బేజా ఊళ్ళోనూ రొట్టెకు క్యూ, పాలకు క్యూ, గ్యాసుకు క్యూ. పైన హెలికాప్టర్లు, కింద పుకార్లు. తలుపు కొట్టుకున్నా వసీలాకు తుపాకీ పేలినట్టే ఉండేది. మొగుడు మూడు గంటలు నిలబడి ఉత్త చేతులతో వచ్చేవాడు.

"నా వంతు వచ్చేసరికి అయిపోయిందే."

"పక్కింటి రకియాకి రెండు రొట్టెలు దొరికాయి! నీకొక్కడికే ఎలా అయిపోతుందయ్యా?"

"ఏం చెయ్యను, నా రాత."

అక్టోబరులో ఎన్నికలొచ్చాయి. అరవై రెండేళ్ళొచ్చినా తిజానీ ఓటు వేసి ఎరగడు. పాత రోజుల్లో ఆయన వెళ్ళేసరికే ఆ ఓటు ఎవరో వేసేసి, "మీకెందుకండీ శ్రమ" అని మర్యాదగా పంపేసేవారు. క్యూ అయినా ఉండేది కాదని ఆయనకు అదొక బాధ. ఈసారి పెళ్ళినాటి కోటు తొడుక్కుని, తెల్లవారేసరికల్లా ఓట్లు వేసే బడి గుమ్మం దగ్గర అందరికంటే ముందు నిలబడ్డాడు.

వసీలా ఆడవాళ్ళ వరసలో వెళ్ళి ఓటు వేసి, సిరాలో ముంచిన నీలం వేలితో మధ్యాహ్నం బయటికొచ్చింది. చూస్తే మొగుడు వీధి మలుపు దగ్గరున్నాడు!

"ఇదేం క్యూ అయ్యా, వెనక్కి నడుస్తోంది?"

"బేకరీ అతను పొయ్యిలో రొట్టెలు వదిలేసి వచ్చాడే. ముందు పొమ్మన్నాను."

"ఒక్కడికే ఇంత వెనక్కొచ్చావా?"

"తర్వాత బస్సు డ్రైవరు. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులాయన..."

దొరకని రొట్టె, దొరకని పాలు, దొరకని గ్యాసు వసీలాకు వరసగా గుర్తొచ్చాయి. రకియా రెండు రొట్టెలు కూడా. తిడదామని నోరు తెరిచింది గాని తిట్టు రాలేదు, భయమొచ్చింది. సాయంత్రం సరిగ్గా ఏడింటికి వరసలో ఉన్నవాళ్ళకే ఓటు. ఆ తర్వాత ఎవరొచ్చినా ఇంటికే.

ఇంటికెళ్ళినా మనసాగక ఆరూ యాభైకి మళ్ళీ పరుగున వచ్చింది. తిజానీ అందరికంటే వెనకున్నాడు. పోనీ, వరసలోనైనా ఉన్నాడు కదా అనుకునేలోగా, ఒక ముసలాయన రొప్పుతూ వచ్చి, ఓటు గదికి ఎక్కాల్సిన మేడమెట్లు చూసి నీరుగారిపోయాడు. తిజానీ ఆయన్ని భుజానికి ఆనించుకుని లోపలికి నడిచాడు.

"అయ్యో, వరస వదిలేశావే!"

వినబడితేగా! ఏడయింది. తలుపు దగ్గరి సైనికుడు చివరి మనిషెవరో చూడడానికి వచ్చాడు. వసీలా గబుక్కున మగాళ్ళ వరస చివర నిలబడింది.

"ఇది మగాళ్ళ వరసమ్మా. పైగా మీ వేలు నీలంగా ఉంది!"

"నేను ఓటుకు రాలేదు నాయనా. చోటు పట్టుకున్నాను. మా ఆయన పైన ముసలాయన్ని మెట్లెక్కిస్తున్నాడు."

సైనికుడు మేడ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "సరే, మీ వెనక ఇంకెవరూ లేరు" అని తేల్చేశాడు.

తిజానీ దిగొచ్చి, పెళ్ళాం క్యూలో ఉండడం చూసి నోరు తెరిచాడు. ఆమె పక్కకు జరిగి ఆయన్ని అక్కడ నిలబెట్టింది.

"వెనకెవరైనా ఉన్నారేమో చూడవే, పాపం..."

"ఉన్నా ఇవ్వడానికి నువ్వెవరివి?" అంది వసీలా, ఆయన కోటు గుండీ పెడుతూ. "ఈ చోటు నాది."